నెమ్మదిగా తొక్కడానికే ఈ గేర్లు: బరంపురం రోడ్ల మీద ఏడు గేర్ల హైబ్రిడ్ సైకిల్

వ్యాయామానికి సైకిల్ కావాలని బరంపురంలో ఏ షాపుకి వెళ్ళినా మూడు రకాలు చూపిస్తారు. లావు టైర్లు, ముందు స్ప్రింగు ఫోర్కు ఉన్న కొండ సైకిల్ ఒకటి. నల్లటి పాత రోడ్‌స్టర్ ఒకటి. ఈ రెండింటికీ మధ్యలో హైబ్రిడ్. ఈ సమీక్ష హైబ్రిడ్ గురించి. 700 సి సైజు చక్రాలు, 35 లేదా 38 మిల్లీమీటర్ల టైర్లు, తిన్నని హ్యాండిలు, ముందు 42 పళ్ళ చక్రం ఒక్కటే, వెనక 14 నుంచి 28 పళ్ళ దాకా ఏడు, షిమానో టూర్నీ గేర్లు, రిమ్ముని రెండు పక్కలా నొక్కే వి-బ్రేకులు. సుమారు 15 నుంచి 20 వేల మధ్య చాలా కంపెనీలు ఇంచుమించు ఇవే భాగాలు పెట్టి అమ్ముతున్నాయి. మారేది రంగూ స్టిక్కరే. అందుకని కంపెనీ పేరు వదిలేసి భాగాల సంగతే చూద్దాం.

బరంపురం నుంచి గోపాలపూర్ వైపు పోయే చదును రోడ్డుకి, నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవారికి ఇది సరైన సైకిలే. కొండ సైకిల్ జోలికి పోకండి. తారు రోడ్డు మీద ఆ ముళ్ళ టైర్లు రొద చేస్తూ మీ బలంలో కొంత తినేస్తాయి, చవక స్ప్రింగు ఫోర్కు బరువు తప్ప ఇచ్చేదేమీ లేదు. హైబ్రిడ్‌లోనూ లోపాలున్నాయి, అవి తర్వాత చెప్తాను. దీని అసలు గుణం వేగం కాదు. మోకాళ్ళు అరగకుండా, ఆయాసం రాకుండా, కావాలంటే నడకకన్నా కాస్త ఎక్కువ వేగంతో పోనివ్వడం. కొన్నవాళ్ళలో చాలామంది ఆ గుణాన్నే వాడుకోరు.

లెక్క వేస్తే తెలుస్తుంది. రోడ్‌స్టర్‌కి ముందు 44 పళ్ళు, వెనక 18 అనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 5.5 మీటర్లు పోతుంది. గంటకి 13 కిలోమీటర్ల వేగంతో పోతుంటే కాలు నిమిషానికి 40 చుట్లే తిరుగుతుందన్నమాట. అంటే ప్రతి చుట్టుకీ బరువు మోసినట్టు తొక్కాలి. గంటసేపు అలా తొక్కితే గుండెకి పెద్ద పని పడదు, మోకాటి చిప్ప చుట్టూ మాత్రం నొప్పి మొదలవుతుంది. హైబ్రిడ్‌లో ఒకటో గేరు 42కి 28. ఒక చుట్టుకి సుమారు 3.25 మీటర్లు. అదే 13 కిలోమీటర్ల వేగానికి కాలు 67 చుట్లు తిరుగుతుంది, ఒక్కో తోపుకి పడే బలం ఆమేరకు తగ్గిపోతుంది. నాలుగో గేరులో (20 పళ్ళు) నిమిషానికి 70 చుట్లు తిప్పితే గంటకి 19 కిలోమీటర్లు. ఏడో గేరులో అదే 70 చుట్లకి 27 దాటుతుంది. ఎదురుగాలి లేని చదును రోడ్డు మీద కూడా కొత్తవారు ఎక్కువసేపు నిలబెట్టుకోగలిగే వేగం కాదది. కాబట్టి మొదటి రెండు నెలలూ మీవి ఒకటి నుంచి నాలుగు గేర్లే. మిగతా మూడూ ఉన్నాయని మరిచిపోండి.

చుట్లు లెక్కపెట్టడానికి మీటరు అక్కర్లేదు. కుడి మోకాలు పైకి వచ్చినప్పుడల్లా ఒకటి అనుకుంటూ 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. 17, 18 వస్తే బాగున్నట్టు. 12 వస్తే గేరు దించాలి. గేరు మార్చేటప్పుడు కాలు తిరుగుతూనే ఉండాలి, బలం మాత్రం ఒక్క క్షణం తగ్గించాలి. ఆగిన సైకిల్‌కి గేరు మార్చినా, గట్టిగా తొక్కుతూ మార్చినా కటకటమని చైను పళ్ళ మీద ఎగురుతుంది. సిగ్నల్ దగ్గర ఆగబోయే ముందే రెండో గేరుకి వచ్చేయడం అలవాటు చేసుకుంటే మళ్ళీ బయల్దేరేటప్పుడు తొడలు బిగుసుకోవు.

ఇక షాపులో బిగింపు. సైకిల్ అట్టపెట్టెలో సగం విప్పి వస్తుంది, ముందు చక్రం, హ్యాండిలు, పెడళ్ళు, సీటు అక్కడే బిగిస్తారు. రోడ్‌స్టర్లకి అలవాటుపడ్డ చేతులు తొందరలో చేసే తప్పులు కొన్ని ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది ఫోర్కు వెనక్కి తిరిగి ఉండిపోవడం. చూడ్డానికి బాగానే కనబడుతుంది, కానీ ముందు బ్రేకు చేతులు సైకిల్ ముందువైపుకి కాక మీ వైపుకి ఉంటాయి. అలా ఉంటే మలుపు తిప్పినప్పుడు కాలి బొటనవేలు చక్రానికి తగులుతుంది, హ్యాండిలు చెప్పిన మాట వినదు. రెండోది ఎడమ పెడల్. దాని మర ఎదురు దిశలో ఉంటుంది, సైకిల్ ముందుకి తిరిగేటట్టు తిప్పితే బిగుస్తుంది. మామూలు నట్టులా కుడికి తిప్పి బలవంతంగా ఎక్కిస్తే అల్యూమినియం క్రాంకులో, అంటే పెడల్ బిగించే కడ్డీలో, మర పోతుంది, 100 కిలోమీటర్లలోపే పెడల్ ఊగులాట మొదలవుతుంది. అప్పుడు పెడల్ మారిస్తే లాభం లేదు, క్రాంకే మార్చాలి.

డబ్బు కట్టకముందు ఈ పరీక్షలు చేయండి. రెండు చక్రాలూ పైకెత్తి తిప్పి, బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు చూడండి. ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉండి, తిరుగుతున్నంతసేపూ మారకుండా ఉండాలి. సందు పెరుగుతూ తరుగుతూ ఉంటే రిమ్ము బెండు. ‘భాయినా, బెండు తీసి ఇవ్వండి’ అని అక్కడే చేయించుకోండి, రేపు వస్తామని వెళ్ళిపోకండి. రబ్బరు రిమ్ముకే ఆనాలి, టైరు గోడకి తగిలితే నెలలోపు టైరు కోసుకుపోతుంది. గేరు ఒకటి నుంచి ఏడు, ఏడు నుంచి ఒకటి వేయించండి. ఒకటో గేరులో చైను పెద్ద పళ్ళచక్రం దాటి పుల్లల్లోకి జారబోతుంటే డిరైలర్ (వెనక చైనుని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) మీది పరిమితి మర సరిచేయాలి. దీన్ని వదిలేస్తే చైను పుల్లల్ని కోసేస్తుంది, డిరైలర్ కూడా చక్రంలోకి లాక్కుపోతుంది. కొత్త తీగలు మొదటి రెండు వారాల్లో కాస్త సాగుతాయి. ఏడో గేరు నుంచి కిందికి రానని మొరాయిస్తే డిరైలర్ వెనక ఉన్న చిన్న మరను పావు చుట్టు చొప్పున ఎడమకి, అంటే విప్పే దిక్కుకి తిప్పి చూడండి. చాలాసార్లు రెండు పావులతో సరిపోతుంది. మెకానిక్కు అవసరం రాదు.

సీటు ఎత్తు దగ్గర నూటికి తొంభైమంది తప్పుతారు. రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేటట్టు పెట్టుకుంటారు, పడిపోతామని భయం. ఆ ఎత్తులో మోకాలు పూర్తిగా ముడుచుకునే తిరుగుతుంది, చిప్ప ముందువైపు నొప్పి అక్కడినుంచే వస్తుంది. గోడ పక్కన సైకిల్ మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందికి తిప్పండి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి. తర్వాత మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాట్లో కొద్దిపాటి వంపు మిగులుతుంది. ఆ ఎత్తే సరైనది. మోకాలి వెనక నొప్పి వచ్చినా, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగినా సీటు ఎక్కువైందని లెక్క, అర సెంటీమీటరు దించండి. ఆగినప్పుడు కూర్చునే నేల అందుకోవాలనుకోకండి, సీటు ముందుకి జారి దిగి నిలబడాలి. సీటు గొట్టం మీద కనీస లోతు గీత ఉంటుంది, ఆ గీత బయటికి కనబడకూడదు. అంత ఎత్తు కావలసివచ్చిందంటే ఆ ఫ్రేము మీకు చిన్నది, పెద్ద సైజు తీసుకోండి.

దీంతోపాటు వచ్చే సీటు గురించి మంచిమాట చెప్పలేం. మెత్తగా, వెడల్పుగా ఉంటుంది, పది నిమిషాలు హాయిగానే ఉంటుంది, నలభై నిమిషాలకి తొడల లోపలివైపు ఒరుసుకుంటుంది. ఇంకా మెత్తనిది కొని పైన జెల్ కవరు వేస్తే మరీ ఘోరం. ఎముకలు మెత్తలోకి దిగబడి బరువంతా మధ్యలో ఉన్న మెత్తని కండ మీద పడుతుంది. కాస్త గట్టిగా, మీ కూర్చునే ఎముకల వెడల్పుకి సరిపడేది నయం. అయితే మొదటి రెండు వారాల నొప్పి ఏ సీటుకైనా తప్పదు, దానికోసం వెంటనే డబ్బు తగలేయకండి.

బరంపురం నడిబొడ్డు నుంచి గోపాలపూర్ సుమారు 16 కిలోమీటర్లు. కొన్న మర్నాడే సముద్రం చూసి వచ్చేద్దాం అనుకోవడమే ఇక్కడ అందరూ చేసే పొరపాటు. రానూపోనూ 32, గంటకి 16 చొప్పున రెండు గంటలు. పోయేటప్పుడు ఉత్సాహంలో తెలియదు. వచ్చేటప్పుడు ఎండ, మూడో రోజు దాకా మెట్లు దిగలేని తొడలు, నాలుగో రోజుకి సైకిల్ మీద దుప్పటి. ఊపిరితిత్తులూ గుండే రెండు మూడు వారాల్లో తేరుకుంటాయి. కండని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులు, కీళ్ళ చుట్టూ ఉన్న పట్టీలు గట్టిపడ్డానికి నెలలు పడుతుంది. అందుకే మూడో వారంలో ‘ఇంకా తొక్కగలను’ అనిపిస్తుంది, ఐదో వారంలో మోకాలు పట్టేస్తుంది.

కాబట్టి ఊరి పేరుతో కాదు, నిమిషాలతో కొలుచుకోండి. మొదటి వారం మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఇరవై నిమిషాలు. పది పోవడం, పది రావడం. రెండో వారం ఇరవై ఐదు, మూడో వారం ముప్ఫై. నాలుగో వారం పెంచకూడదు, తగ్గించాలి: రెండు రోజులే, ఇరవై నిమిషాలు చొప్పున. చాలామందికి ఇది వెనక్కి పోయినట్టనిపిస్తుంది కానీ, ఒళ్ళు గట్టిపడేది తొక్కుతున్నప్పుడు కాదు, ఆపినప్పుడు. ఐదో వారం నుంచి రెండు రోజులు ముప్ఫై, ఒక రోజు నలభై ఐదు. ఆరు, ఏడు వారాల్లో ఆ పొడుగు రోజుకి పదేసి నిమిషాలు కలపండి. ఎనిమిదో వారం మళ్ళీ తేలిక. తొమ్మిదో వారంలో విశ్వవిద్యాలయం ఉన్న భంజ విహార్ దాకా పోయి రావచ్చు. అన్నీ బాగుంటే పదో వారంలో గోపాలపూర్, ఇసుకలో అరగంట కూర్చుని మరీ తిరుగు ప్రయాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకి సూచించింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం. ఈ లెక్కన మీరు అక్కడికి మూడో నెలలో చేరతారు, అది ఆలస్యం కాదు.

మధ్యస్థం అంటే ఎంత? పక్కనున్నవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. రెండు మూడు మాటలకే ఊపిరి తెగుతుంటే గేరు దించి నెమ్మదించండి. మొదటి ఐదు వారాలూ అంతకుమించి వద్దు. ఆరో వారం నుంచి వారంలో ఒక్కరోజు, ఒళ్ళు వేడెక్కాక, ఒక నిమిషం గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, ఇలా నాలుగుసార్లు చాలు. గట్టిగా తొక్కిన మర్నాడు సైకిల్ ముట్టుకోవద్దు. గంటకి 20, 25 అని ఫోనులో చూసుకుని పక్కవాళ్ళతో పోటీపడేవాళ్ళు రోజూ అటు పూర్తిగా గట్టిగానూ కాక, ఇటు తేలిగ్గానూ కాక తొక్కి నెలకి అలిసిపోతారు.

విశ్రాంతి ఎప్పుడు కావాలో నాడి చెప్తుంది. పొద్దున లేవగానే, మంచం దిగకముందే, ఒక నిమిషం లెక్కపెట్టి ఓ వారం రాసుకోండి. మీ మామూలు అంకె కన్నా ఎనిమిది పది ఎక్కువుండి, ఒళ్ళు బరువుగా కూడా ఉంటే ఆ రోజు మానేయండి. నిద్ర చాలకపోయినా, జ్వరం లోపల్లోపల ఉన్నా అంకె పెరుగుతుంది. గుండె వేగాన్ని తగ్గించే బీపీ మాత్రలు వాడేవారికి మాత్రం ఈ లెక్క పనిచేయదు, మాట్లాడి చూసుకునే పరీక్షే నమ్ముకోవాలి. షుగరుకి ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా దించే మాత్రలు గానీ వాడేవారు డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి, జేబులో గ్లూకోజు ఉండాలి. కండ నొప్పికీ కీలు నొప్పికీ తేడా పట్టుకోండి. రెండు తొడలూ సమానంగా, ఒకటి రెండు రోజుల తర్వాత నొప్పెడితే అది కండ, తగ్గిపోతుంది. ఒక్క మోకాట్లోనే, ఒకచోటే, తొక్కుతున్నప్పుడే పొడిస్తే ముందు సీటు ఎత్తు చూడండి, తర్వాత గేరు. ఛాతీలో పట్టినట్టున్నా, దవడకి లేదా ఎడమ చేతికి నొప్పి పాకినా అక్కడే దిగిపోవాలి, ఆసుపత్రికే వెళ్ళాలి.

ఇక్కడి తేమ దెబ్బ వేరు. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అదే వేగానికి నలభై నిమిషాలయ్యేసరికి నాడి పెరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఐదున్నరకల్లా రోడ్డు మీద ఉండి ఏడున్నరకి ఇంట్లో ఉండటం మేలు. దక్షిణపు గాలి జోరుగా వీచే రోజుల్లో, ముఖ్యంగా సముద్రం దగ్గరపడ్డాక సరుగుడు తోటలు లేని చోట, ఆ గాలే కొండ అవుతుంది. వేగం చూసుకోకుండా రెండో గేరుకి దిగండి. అరగంట దాటితే నీళ్ళ సీసా ఉండాలి, గంటకి సుమారు అర లీటరు. ఇంటికొచ్చాక పల్చటి చోడి అంబలో, తరవాణో, ఉప్పేసిన మజ్జిగో సరిపోతుంది, డబ్బాల్లో పొడులు కొననక్కర్లేదు. వెళ్ళేముందు ఒక అరటిపండు చాలు. మినపరొట్టి తినేసి ఎక్కితే మొదటి పావుగంటలోనే తెలిసొస్తుంది.

టైర్ల గాలి వారానికోసారి చూడాలి. టైరు గోడ మీద కనిష్ఠం, గరిష్ఠం అచ్చువేసి ఉంటాయి. 70 కిలోల మనిషికి వెనక 60, 65 పి.ఎస్.ఐ., ముందు 50, 55 ఉంటే బాగుంటుంది. తక్కువుంటే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ము అంచుకి నొక్కుకుని పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. ఈ సైకిళ్ళలో ఎక్కువగా మోటారుసైకిల్ రకం వాల్వే ఉంటుంది, ఏ పంచరు షాపులోనైనా పట్టొచ్చు. సన్నటి పొడుగు వాల్వు ఉంటే అడాప్టరు దగ్గర పెట్టుకోవాలి. పెద్ద కంప్రెసరుతో పట్టించేటప్పుడు ఒక్కో విడత గాలికీ కొలత చూడమనండి, సైకిల్ ట్యూబులో గాలి చాలా త్వరగా నిండిపోతుంది. గంజాం తీరంలో మొగలిపొదలు, తుమ్మ ముళ్ళు ఉన్న దారుల్లో పంచరు తప్పదు. ట్యూబు మార్చే ముందు టైరు లోపల వేలితో మెల్లగా తడమండి. ముల్లు అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబుకీ అదే గతి.

ఉప్పుగాలి వల్ల చైను తొందరగా తుప్పు పడుతుంది. పాత ఇంజను ఆయిల్ పోయకండి, గ్రీజు అసలే వద్దు. రెండూ ఇసుకని పట్టుకుని చైనుని ఆకురాయిలా అరగదీస్తాయి. పాత గుడ్డతో తుడిచి, ఒక్కో లంకెకి ఒక్క చుక్క పల్చని చైను ఆయిల్ వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పది నిమిషాలాగి పైదంతా మళ్ళీ తుడిచేయాలి. నూనె ఉండాల్సింది లోపలే. వారానికోసారి, వానలో తడిస్తే ఆ రోజే. కొత్త చైనులో ఒక పిన్ను నుంచి దాని తర్వాతి ఇరవై నాలుగో పిన్నుకి సరిగ్గా పన్నెండు అంగుళాలు వస్తుంది. స్కేలుతో కొలిస్తే పన్నెండూ అంగుళంలో పదహారో వంతు వచ్చిందా, చైను మార్చేయండి. ఎనిమిదో వంతు దాకా ఆగితే వెనక పళ్ళు కూడా అరిగిపోయి కొత్త చైను ఎగురుతుంది, ఖర్చు రెట్టింపు.

ఇక ఫిర్యాదులు. చాలా మోడళ్ళకి మడ్‌గార్డు, స్టాండు, బెల్లు విడిగా కొనుక్కోవాలి. చైను మీద కవరు అరకొరగా ఉంటుంది. చున్నీని వెనక్కి ముడివేసుకోవాలి, పంచె గానీ పేంటు కుడి కాలు గానీ రబ్బరు బ్యాండుతో కట్టుకోవాలి. హ్యాండిలు పట్టు గట్టిది, అరగంటకి చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంది. అరచేతి అంచు మీద బరువు వేయకుండా మోచేతులు కాస్త వంచి పట్టుకుంటే తగ్గుతుంది. 90 కిలోలు దాటినవారికి వెనక ఇరుసు బలహీనమైన చోటు. వెనక పళ్ళచక్రాల గుత్తి మరతో ఎక్కే ఫ్రీవీల్ రకం హబ్బులో (చక్రం మధ్య భాగంలో) గోళీలు లోపలికి ఉంటాయి, ఇరుసు కొస ఆధారం లేకుండా పొడుగ్గా మిగులుతుంది, గుంతల్లో అదే వంగేది. అంత బరువున్నవారు గోళీలు అంచుదాకా ఉండే క్యాసెట్ హబ్బు ఉన్న మోడల్‌కి కొంచెం ఎక్కువ పెట్టడం మంచిది. అందరూ మొదటి 150 కిలోమీటర్ల తర్వాత పుల్లలు ఒకసారి బిగింపు చూపించుకోవాలి, కొత్త పుల్లలు సర్దుకుని వదులవుతాయి.

పర్లాకిమిడిలో పాతపట్నం వైపు తొక్కేవారికీ ఇదే సైకిల్, ఇదే పద్ధతి. రాయగడ, కొరాపుట్ ఘాట్ల సంగతి వేరు. అక్కడ 42కి 28 చాలదు. నిమిషానికి 60 చుట్లు తిప్పినా గంటకి 11 కిలోమీటర్లకి పైగా పోవాల్సిందే, ఆ ఏటవాలులో కొత్తవారికి అది మాట్లాడగలిగే శ్రమ కాదు. వెనక 14–34 పళ్ళ ఏడు గేర్ల ఫ్రీవీల్ దొరుకుతుంది, వేయించుకుంటే వేగం పదిలోపుకి దిగుతుంది. వేయించేముందు డిరైలర్ 34 పళ్ళు పడుతుందో లేదో చూడమనండి, పొట్టివి కొన్ని 28 దాటి పట్టవు. చైను కూడా కొన్ని లంకెలు పొడుగుది కావాలి. అవన్నీ కలిపి పెట్టే ఖర్చు చూసుకుంటే, ఘాట్ కిందే ఉండేవారు మొదటే ముందు మూడు పళ్ళచక్రాలున్న మోడల్ తీసుకోవచ్చు.